వంశవృక్షం ఒకటి, కంప్యూటర్లు నాలుగు

కృష్ణా డెల్టాలో వంశవృక్షం రాసే పని ఇప్పుడు ఒక్క ఇంట్లో కూర్చుంటే తెమిలేది కాదు. పాత పేర్లు చెప్పగల పెద్దమ్మ గుడివాడ దగ్గర పల్లెలో ఉంటుంది. తాతల నాటి నోటుపుస్తకం విజయవాడలో బాబాయి బీరువాలో ఉంటుంది. కంప్యూటర్ మీద చెయ్యి తిరిగిన మనవరాలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేస్తుంటుంది. ఈ ముగ్గురి దగ్గరా ఉన్నది ఒకచోట చేరితేనే వృక్షం. అందుకని ఫైలును గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్ లాంటి క్లౌడ్ నిల్వలో పెట్టి అందరూ వాడుకోవాలనుకోవడం సహజం. క్లౌడ్ ఫైలును మోసుకుపోతుంది, దాచిపెడుతుంది. ఆ రెండు పనులూ చక్కగా చేస్తుంది. నలుగురు ఒకేసారి కూర్చుని రాసే బల్లలా దాన్ని వాడినప్పుడే నెలల శ్రమ ఒక్క పూటలో చెడిపోతుంది.

వంశాన్ని గుర్తుపెట్టుకోవడం ఒకప్పుడు కొందరికి కులవృత్తి. వంశరాజులు ఊరూరా తిరిగి తమను పోషించే కుటుంబాల గోత్రాలు, వంశావళులు పాడి చెప్పేవారు. కాశీ, గయ వెళ్లిన యాత్రికుల పేర్లు అక్కడి పండాల పుస్తకాల్లోకి ఎక్కేవి. ఇంట్లో మిగిలింది నోటి లెక్క. పుష్కరాల్లో పిండప్రదానానికి కూర్చున్నవారు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాలి కాబట్టి ఆ మూడు తరాలూ ఎలాగో నిలిచాయి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు ఘాట్ల మీద కూర్చున్న చాలామందికి తెలిసిన వంశం అక్కడితో సరి. నాలుగో తరం పేరు కావాలంటే ఎవరో ఒక పెద్దావిడ జ్ఞాపకం మీదో, అటకమీద పెట్టె మీదో ఆధారపడాలి.

అటకను, బీరువాను నమ్ముకోవడం డెల్టాలో మరీ కష్టం. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. కాగితాలు సరే, పేర్లు చెప్పే మనిషే మిగలని ఇళ్లున్నాయి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉండిపోయాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వెళ్లింది. కింది అంతస్తులో బీరువా అడుగు అరలో ఉన్న పెళ్లి ఆల్బం, బల్ల కింద ఉన్న కంప్యూటర్, దాని పక్కనే జాగ్రత్త చేసిన పెన్‌డ్రైవ్ ఇలాంటి నీళ్లలో ఒకేసారి పోతాయి. వంశవృక్షం నకలు ఒకటి ఇంటికి దూరంగా ఉండాలనడానికి ఈ ప్రాంతంలో వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఫైలు లోపల ఉండేది

వంశవృక్షం కోసం వాడే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. ఉచితంగా దొరికేది, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడిచేది గ్రాంప్స్. రూట్స్‌మ్యాజిక్, లెగసీ ఫ్యామిలీ ట్రీ, ఫ్యామిలీ ట్రీ మేకర్ కూడా విస్తారంగా వాడకంలో ఉన్నాయి. పేర్లు వేరైనా వీటి స్వభావం ఒకటే: లోపల ఉన్నది వర్డ్ పత్రంలాంటి చదును కాగితం కాదు, డేటాబేస్. ఒక పెళ్లి తేదీ మార్చితే భర్త వివరం, భార్య వివరం, కుటుంబం వివరం, ఆధారం అని నాలుగు చోట్ల మార్పు పడవచ్చు. ప్రోగ్రాం తెరిచి ఉన్నంతసేపూ ఈ రాతలు కొన్ని ఫైల్లోకి వెళ్లి, కొన్ని ఇంకా దారిలో ఉంటాయి.

క్లౌడ్ ప్రోగ్రాంకు ఈ సంగతి తెలియదు. ఫైలు మారిందని కనిపించగానే ఎత్తుకుని పైకి పంపుతుంది. సగం రాసిన పుస్తకాన్ని రాస్తున్నవాడి చేతి కింద నుంచి లాగి జిరాక్స్ తీసినట్టు అవుతుంది. అవతలి కంప్యూటర్‌కు చేరిన ప్రతిలో భార్య ఉంటుంది, పెళ్లి ఉండదు. లేదా ఫైలే తెరుచుకోదు. వంశవృక్షం ప్రోగ్రాం తన డేటాను పెట్టుకునే ఫోల్డర్‌ను నేరుగా క్లౌడ్ ఫోల్డర్‌లోకి మార్చకూడదనే సలహాకు కారణం ఇదే.

ఇద్దరు ఒకేసారి రాసినప్పుడు జరిగేది ఇంకో రకం నష్టం. విజయవాడలో ఉదయం 7 గంటలకు బాబాయి కంప్యూటర్ ముందు కూర్చుని, ముత్తవ్వ పుట్టింటి పేరు చేర్చుతున్నాడనుకుందాం. డల్లాస్‌లో అప్పటికి ముందు రోజు రాత్రి 8.30, అదీ వేసవి గడియారం లెక్కన. భోజనం ముగించిన అన్న కూతురు అదే ఫైలు తెరిచి ఫోటోలు జతచేస్తోంది. ఇద్దరూ భద్రపరిచి మూసేస్తారు. రెండో ప్రతి చేరేసరికి డ్రాప్‌బాక్స్ దాన్ని మొదటి ప్రతిలో కలపదు. కలపడం దాని పని కాదు. పేరు చివర ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అని తగిలించి రెండు ఫైళ్లు పక్కపక్కన పెడుతుంది. ఒకదాంట్లో పుట్టింటి పేరుంది, ఫోటోలు లేవు. రెండోదాంట్లో ఫోటోలున్నాయి, పేరు లేదు. అంతవరకు నయమే, కంటికి కనిపిస్తోంది కాబట్టి. గమనించకుండా ఇద్దరూ చెరో ప్రతి మీద నెలరోజులు రాసుకుంటూ పోతే వృక్షం రెండుగా చీలుతుంది. దాన్ని మళ్లీ ఒకటి చేయాలంటే వందల పేర్లు ఒక్కొక్కటిగా పోల్చి చూడాల్సిందే.

కలం ఒక్కరి చేతిలో

దీనికి మందు సాంకేతికమైనది కాదు. ఇంటి జమాఖర్చు పుస్తకం ఒకరి చేతిలో ఉన్నంతసేపూ ఇంకొకరు అందులో రాయరు. వృక్షం విషయంలోనూ అంతే: ఒక సమయంలో కలం ఒక్కరిది. చదవడానికి ఎందరైనా చదవవచ్చు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ‘కలం తీసుకున్నాను’ అని ఒక మాట, పని అయ్యాక ‘కలం దించాను’ అని ఒక మాట పెడితే చాలు. ఈ ఒక్క క్రమశిక్షణ ఏ ఖరీదైన సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ కాపాడుతుంది. ఇది పాటించలేని కుటుంబం క్లౌడ్ ఫోల్డర్ జోలికి పోకుండా, ఒకేసారి పదిమంది రాయడానికి వీలుగా కట్టిన వెబ్‌ట్రీస్, గ్రాంప్స్ వెబ్ లాంటి ఆన్‌లైన్ ఏర్పాట్లు చూసుకోవడం మంచిది. వాటిని నిలబెట్టడానికి సర్వర్ పని తెలిసినవాళ్లు ఇంట్లో ఒకరుండాలి.

కలం చేతులు మారే పద్ధతి గ్రాంప్స్‌తో ఇలా ఉంటుంది. పని చేసే వృక్షం ఎవరి కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లో వారికి ఉంటుంది, క్లౌడ్‌లో కాదు. పని ముగిశాక ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్లి, ఫోటోలతో సహా మొత్తాన్ని ఒకే మూటగా కట్టే గ్రాంప్స్ ప్యాకేజీని తయారుచేయాలి. ఆ మూట ఇక మారదు కాబట్టి క్లౌడ్ దాన్ని నిశ్చింతగా మోసుకుపోతుంది. తర్వాత రాయబోయేవారు కొత్త మూటను దించుకుని, గ్రాంప్స్‌లో ఖాళీ వృక్షం ఒకటి సృష్టించి, అందులోకి దిగుమతి చేసుకుని పని మొదలుపెట్టాలి. ‘ఖాళీ వృక్షం’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. పాత వృక్షం తెరిచి ఉండగా దాని మీదే దిగుమతి చేసి తాతగారిని ఇద్దరిని చేసుకోవడం కొత్తవారు తరచు చేసే పొరపాటు.

రూట్స్‌మ్యాజిక్‌లాగా వృక్షమంతా ఒకే ఫైల్లో పెట్టే ప్రోగ్రాములకూ ఇదే వరస: ప్రోగ్రాం పూర్తిగా మూయాలి, దాని సొంత బ్యాకప్‌ను క్లౌడ్‌కు పంపాలి, పైకి చేరిందన్న గుర్తు కనిపించాకే కంప్యూటర్ ఆపాలి. ల్యాప్‌టాప్ మూత టపీమని వేసేసి బయల్దేరితే ఫైలు సగంలో ఆగుతుంది. అవతలివారు పాత ప్రతినే కొత్తదనుకుని తెరుస్తారు.

ఫైలు పేరులో తేదీ ఉండాలి. అదీ సంవత్సరం, నెల, రోజు వరసలో. ‘వంశం-2025-01-14-బాబాయి’ అని ఉంటే ఫోల్డర్‌లో అన్నీ వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి, ఎవరు రాసిందో కూడా తెలుస్తుంది. ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అన్న పేర్లు మూడు నెలలు తిరక్కుండానే ఎవరికీ అర్థం కావు.

ఇద్దరూ వేర్వేరు ప్రోగ్రాములు వాడుతుంటే మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరు జెడ్‌కామ్. వంశావళుల మార్పిడి కోసం మోర్మన్ చర్చివారు 1984లో రూపొందించిన ఈ పద్ధతిని దాదాపు అన్ని ప్రోగ్రాములూ చదువుతాయి. 2,000 మంది ఉన్న వృక్షం కూడా జెడ్‌కామ్‌లో ఒకటి రెండు మెగాబైట్లకు మించదు, ఈమెయిల్లో సైతం పోతుంది. అయితే పాత తరహా జెడ్‌కామ్‌లో ఫోటోలు ఉండవు. ఫలానా కంప్యూటర్లో ఫలానా చోట ఫోటో ఉందన్న చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ చిరునామా బాబాయి కంప్యూటర్‌ది. డల్లాస్‌లో ఆ వీధే లేదు. ఒక ప్రోగ్రాంలో సొంతంగా కల్పించుకున్న గడులు రెండోదానిలోకి వెళ్లేటప్పుడు రాలిపోవచ్చు. 2021లో వచ్చిన 7.0 రూపం ఫోటోలను కూడా మూటలో కట్టే వీలు ఇచ్చింది కానీ, రెండు వైపులా ప్రోగ్రాములు దాన్ని అర్థం చేసుకోవాలి. అందుకని రోజువారీ మార్పిడికి ఇద్దరూ ఒకే ప్రోగ్రాం, వీలైతే ఒకే వెర్షన్ వాడుకోవడమే సుఖం. జెడ్‌కామ్ ప్రతిని ఏడాదికి రెండుసార్లు తీసి పక్కన పెట్టుకుంటే, రేపు ఆ ప్రోగ్రాం అంతరించినా పేర్లు మిగులుతాయి.

తెలుగు ఇంటి లెక్కలు

ఈ ప్రోగ్రాములన్నీ పాశ్చాత్య కుటుంబాల కోసం పుట్టాయి. తెలుగు ఇంటి చుట్టరికం వాటిలో పట్టాలంటే కొన్ని ఏర్పాట్లు ముందే అనుకోవాలి. ఒకరు ఒక పద్ధతిలో, మరొకరు వేరే పద్ధతిలో రాస్తే క్లౌడ్ ఎంత బాగా మోసినా చేరేది గందరగోళమే.

మొదటి చిక్కు మేనరికం. అక్క కూతురిని చేసుకున్నవాడికి భార్యే మేనకోడలు, అక్కే అత్తగారు. వృక్షంలో కింద కొమ్మ మీద ఉన్న అమ్మాయి పక్క కొమ్మ మీద కూడా కనిపించాలి కదా అని ఆమెను రెండోసారి చేర్చేస్తారు. అలా చేయకూడదు. మనిషి ఒక్కసారే నమోదు కావాలి. ఆ ఒక్క నమోదునే కూతురిగా ఒక కుటుంబానికి, భార్యగా ఇంకో కుటుంబానికి ముడివేయాలి. ప్రోగ్రాం ప్రతి మనిషికీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చేది ఇందుకే. దత్తత పోయినవారికీ ఇదే న్యాయం: ఒకే మనిషి, కన్నవారు ఒక ముడి, పెంచినవారు ఒక ముడి. దత్తతతో ఇంటిపేరు, గోత్రం మారతాయి కాబట్టి రెండూ రాయాలి.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం రెండో చిక్కు. ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ముగ్గురు ఉంటారు. ప్రోగ్రాములోని ‘ఒకేలా ఉన్నవారిని కలుపు’ అన్న సదుపాయం పుట్టిన సంవత్సరం లేనిచోట వాళ్లను ఒకే మనిషిగా చూపుతుంది. చూడకుండా ‘సరే’ నొక్కితే తాత, మనవడు కలిసిపోతారు. తేదీ తెలియకపోతే ఊహ సంవత్సరమైనా ‘సుమారు’ అని గుర్తుపెట్టి రాయాలి. పెళ్లితో ఇంటిపేరు మారిన ఆడవాళ్లను పుట్టింటి పేరుతోనే నమోదు చేసి, మెట్టినింటి పేరును రెండో పేరుగా ఉంచితే వాళ్ల వైపు వంశం తెగిపోదు. నోటి లెక్కల్లో ముందుగా మరుగున పడేవి ఆడవాళ్ల పుట్టిళ్లే కాబట్టి పెద్దలను అడిగేటప్పుడు మొదటి ప్రశ్న అదే కావాలి.

తేదీల సంగతి వేరు. పోయినవారి రోజు ఇళ్లలో తిథిగా గుర్తుంటుంది, తద్దినం పెట్టాలి గనుక. పుట్టిన ఏడు పింగళ అనో, ధాత అనో చెబుతారు. ఆ పేర్లు 60 ఏళ్లకు మళ్లీ వస్తాయి: పింగళ అంటే 1917-18 కావచ్చు, 1977-78 కావచ్చు. దివి ప్రాంతం మనిషి ‘ఉప్పెన ఏడాది పుట్టాడు’ అంటే రెండోదని తేలుతుంది. ఇలాంటి మాటను ఇంగ్లీషు తేదీగా మార్చి గడిలో వేసి, పెద్దావిడ అన్న మాటను అన్నట్టుగా కింద నోట్‌లో ఉంచాలి. లెక్క తప్పైతే తర్వాతివారు సరిదిద్దగలిగేది ఆ నోట్ ఉన్నప్పుడే.

ఊళ్లు కదలకపోయినా జిల్లాలు మారాయి. రేపల్లె తాతల కాలంలో మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లా, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. అదే రోజున విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది, మచిలీపట్నం కృష్ణా జిల్లాకు కేంద్రంగా కొనసాగింది. పాత దస్తావేజులో బెజవాడ, బందరు అని ఉంటాయి. ఒకరు బెజవాడ అని, మరొకరు విజయవాడ అని రాస్తే ప్రోగ్రాంకు అవి రెండు ఊళ్లు. ఇప్పటి పేరు ఒకటి ఖాయం చేసుకుని, పాత పేరును దానికి మారుపేరుగా తగిలించాలి. అందరూ వాడే ఊళ్ల జాబితా ఒకటి అదే క్లౌడ్ ఫోల్డర్‌లో ఉండాలి.

అక్షరాల దగ్గర జాగ్రత్త ఇంకొకటి. డీటీపీ దుకాణాల్లో వేయించిన పాత వంశవృక్షం పుస్తకాలు సాధారణంగా అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ కావు. అందులోంచి కాపీ చేసి తెచ్చి అతికిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు సరిచూసి, అప్పుడు చేర్చాలి. జెడ్‌కామ్ తీసేటప్పుడు అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 అని ఎంచుకోకపోతే అవతలి కంప్యూటర్లో పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారతాయి. మొదటిసారి పంపేటప్పుడు పదిమంది పేర్లతో చిన్న వృక్షం పంపి చూసుకుంటే ఈ బాధ ముందే బయటపడుతుంది.

ఫోటోలు, కాగితాలు, గొంతులు

పాత నోటుపుస్తకాన్ని ఫోన్‌తో తీసేటప్పుడు పగటి వెలుతురులో, కిటికీ పక్కన, నీడ పడకుండా పేజీకి ఒక ఫోటో చొప్పున తీయాలి. అట్ట లోపలి వైపు, ఖాళీగా కనిపించే చివరి పేజీ కూడా వదలకూడదు. పుట్టుకలు, అప్పులు, ఎడ్ల కొనుగోళ్లు అక్కడే రాసేవారు. తడిసి అంటుకున్న పేజీలను లాగి విడదీస్తే సిరా ఊడుతుంది. నీడలో గాలికి ఆరనిచ్చి, వాటంతట అవి విడివడ్డాకే తీయాలి. ఈ ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గి, చిన్న అక్షరాలు అలికినట్టవుతాయి. డాక్యుమెంట్‌గా పంపినా, నేరుగా క్లౌడ్ ఫోల్డర్‌లోకి ఎక్కించినా అసలు రూపం నిలుస్తుంది. ఫోటోలు, పెద్దల మాటల రికార్డింగులు ఒకసారి తీశాక మారవు గనుక వాటిని క్లౌడ్‌లో ఎప్పుడూ ఉంచవచ్చు. కలం నియమం వాటికి అక్కర్లేదు.

స్థలం లెక్క కూడా చూసుకోవాలి. ఉచితంగా గూగుల్ 15 జీబీ ఇస్తుంది, అందులోనే జీమెయిల్, ఫోటోలు కూడా పడతాయి. వన్‌డ్రైవ్ 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2 జీబీ. నాలుగు మెగాబైట్ల ఫోటోలైతే 15 జీబీలో దాదాపు 3,800 పడతాయి. ఒక కుటుంబం కాగితాలకు ఇది చాలు, వీడియోలకు చాలదు.

ఖాతా ఎవరి పేరున

గూగుల్ డ్రైవ్‌లో పంచుకున్న ఫోల్డర్‌లోకి ఎవరు ఎక్కించిన ఫైలుకు వారే యజమాని. ఆ ఖాతా మూతపడితే ఫైలు కూడా పోతుంది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమల్లో పెట్టింది. వృక్షానికి ప్రాణంపోసిన పెద్దాయన కాలం చేశాక ఆయన ఖాతా తెరిచేవారు ఉండరు, రెండేళ్లు ఇట్టే తిరుగుతాయి. గూగుల్‌లోని ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్‌లో నమ్మకమైనవారి పేర్లు ఆయన బతికుండగానే పెట్టించవచ్చు. ఖాతా కొన్ని నెలలు కదలకపోతే వారికి కబురు, కావాలంటే ఫైళ్లు కూడా అందుతాయి. పెద్దవారిని ఈ మాట అడగడానికి పిల్లలు మొహమాటపడతారు. వంశం నిలవడానికే కదా అని చెబితే కాదనే పెద్దలు తక్కువ.

అనుమతుల్లో రాసే హక్కు ఇద్దరు ముగ్గురికే ఇచ్చి, మిగతావారికి చూసే హక్కు ఇవ్వాలి. ‘లింకు ఉన్న ఎవరైనా’ అన్న ఎంపిక వద్దు. కుటుంబ గ్రూపులో పెట్టిన లింకు సాయంత్రానికి ఏ ఊరు చేరుతుందో చెప్పలేం. ఒక్కొక్కరి ఈమెయిల్ చేర్చడమే క్షేమం. జీవించి ఉన్నవారి పూర్తి పుట్టినతేదీలు, ఆధార్ సంఖ్యలు, పాస్ పుస్తకాల నకళ్లు అందరూ చూసే ఫోల్డర్‌లో ఉండకూడదు. బంధువులందరికీ పంచే ప్రతి తీసేటప్పుడు, బతికున్నవారి వివరాలు దాచే ఎంపిక చాలా ప్రోగ్రాముల్లో ఉంటుంది, దాన్ని వాడాలి.

క్లౌడ్‌లో ఉన్నదాన్ని బ్యాకప్ అనుకోవడం పొరపాటు. డల్లాస్‌లో ఫోల్డర్ తుడిచేస్తే విజయవాడలోనూ తుడుచుకుపోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత దొరకదు. అందుకని ఉగాదికి, దసరాకు మొత్తం ఫోల్డర్‌ను బయటి హార్డ్‌డిస్క్‌లోకి దించి, డిస్క్‌ను వేరే ఇంట్లో, మేడ మీద పెట్టాలి. డిస్క్‌లో పెట్టిన మూటను అప్పుడప్పుడు తెరిచి, తాతగారి పేరు, ఆయన ఫోటో కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఏడాదికొకసారి మంచి కాగితం మీద పేర్ల వరకు అచ్చు తీయించి, నాలుగు ఊళ్లలోని నాలుగు ఇళ్లకు తలా ఒకటి ఇస్తే, కంప్యూటర్ ముట్టని పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివి, తప్పున్నచోట పెన్సిల్‌తో గీత గీస్తుంది. ఆ పేజీ ఫోటో తీసి ఫోల్డర్‌లో వేస్తే, ఆ పూట కలం ఎవరి చేతిలో ఉంటే వారు సరిదిద్దుతారు.